మానిటర్ తీసేశాక రిమోట్ తెర ఎందుకు చిన్నదైపోయింది?

లైనక్స్ కంప్యూటర్లతో దూరం నుంచి పనిచేసే పాఠకులు తెర పరిమాణం గురించి అడిగిన మూడు ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆఫీసులో నా టేబుల్ మీద ఉబుంటు ఉన్న కంప్యూటర్‌ను ఇంటి నుంచి ఎక్స్11వీఎన్‌సీ (దూరంలోని తెరను ఇక్కడ చూపే వీఎన్‌సీ రకం ప్రోగ్రామ్) ద్వారా వాడుకుంటాను. పోయిన వారం దాని మానిటర్‌ను వేరొకరికి ఇచ్చేశారు. ఆ తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసినప్పటి నుంచి 1024×768 తెర మాత్రమే వస్తోంది. సెట్టింగుల్లో ఇంకే పరిమాణమూ కనిపించడం లేదు. వీఎన్‌సీని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మార్పు లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లోపం వీఎన్‌సీలో లేదు కనుక దాన్ని ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు. ఇటువంటి సమస్య ఎదురైనప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మీకు ఇంట్లో కనిపిస్తున్నది ఆ కంప్యూటర్ తన మానిటర్‌కు పంపే బొమ్మేనా, లేక మీ కోసమే విడిగా మెమరీలో తయారైన తెరా? ఎక్స్11వీఎన్‌సీ చూపించేది మొదటి రకం. ఇలాంటివే మరో రెండు ప్రోగ్రాములు, టైగర్‌వీఎన్‌సీ సర్వర్, ఎక్స్‌ఆర్‌డీపీ, మామూలుగా చూపించేది రెండో రకం. ఒక రకానికి చెప్పిన చిట్కా రెండో రకానికి పనిచేయదు. ఈ తేడా తెలియక రోజుల తరబడి కష్టపడినవారిని చూశాను కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను.

మీది మొదటి రకం. మానిటర్‌ను తగిలించగానే అది కేబుల్ ద్వారా తన వివరాలను కంప్యూటర్‌కు అందజేస్తుంది. తాను ఏయే పరిమాణాలను చూపగలదో, సెకనుకు ఎన్నిసార్లు చూపగలదో తెలిపే ఆ సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. దాని ప్రాథమిక భాగం 128 బైట్లు మాత్రమే. మానిటర్ లేనప్పుడు ఆ సమాచారం రాదు. అప్పుడు లైనక్స్ ఎక్కడైనా చెల్లే ఒక చిన్న పరిమాణానికి దిగిపోతుంది. మీకు కనిపిస్తున్న 1024×768 అలా వచ్చినదే.

అన్నిటికంటే నమ్మకమైన పరిష్కారం హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్. బొటనవేలంత ఉండే ఈ ప్లగ్‌లో ఈడీఐడీ రాసి ఉన్న చిన్న చిప్ ఉంటుంది. దాన్ని గుచ్చి రీస్టార్ట్ చేస్తే మానిటర్ ఉన్నట్టే కంప్యూటర్ భావిస్తుంది. 4కే అని రాసి ఉన్న ప్లగ్ దొరికితే సెట్టింగుల్లోకి వెళ్లి 1920×1080కు తగ్గించుకోండి, లేకపోతే నాలుగు రెట్ల పిక్సెళ్లు మీ ఇంటర్నెట్ మీద భారమవుతాయి. ఆఫీసు కంప్యూటర్‌కు నేను ఈ మార్గాన్నే సూచిస్తాను, ఎందుకంటే రేపు సిస్టమ్ అప్‌డేట్ అయినా, ఎవరైనా కాన్ఫిగరేషన్ ఫైళ్లు మార్చినా ప్లగ్ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

ప్లగ్ పెట్టే వీలు లేకపోతే, ఎక్స్11వీఎన్‌సీ వాడుతున్నారంటే మీది ఎక్స్ సెషనే (తెర మీద బొమ్మ గీసే పాత పద్ధతి) కాబట్టి, ఎక్స్‌రాండర్ అనే కమాండ్‌తో కొత్త పరిమాణాన్ని చేర్చి చూడవచ్చు. (కొత్త పద్ధతైన వేలాండ్ సెషన్‌లో ఈ పద్ధతి పనిచేయదు.) ముందుగా సీవీటీ కమాండ్‌కు 1920, 1080, 60 అనే మూడు అంకెలు ఇస్తే అది ఒక వరుసను చూపిస్తుంది. అందులో ఆ పరిమాణం పేరు తర్వాత 173.00, తర్వాత 1920 2048 2248 2576, ఆ తర్వాత 1080 1083 1088 1120 ఉంటాయి. ఈ అంకెలను చూసి బెదరనక్కరలేదు. 173 అంటే సెకనుకు 17 కోట్ల 30 లక్షల పిక్సెళ్లు. కంటికి కనిపించేవి 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు కాగా, కనిపించని అంచులను కలుపుకుంటే 2576, 1120 అవుతాయి. 17 కోట్ల 30 లక్షలను 2576×1120తో భాగిస్తే 59.96 వస్తుంది, అంటే మీరు అడిగిన 60 హెర్ట్జ్‌కు దాదాపు సమానం. ఆ వరుస మొదట్లో ఉండే మోడ్‌లైన్ అనే మాటను వదిలి, మిగతాదాన్ని ఉన్నదున్నట్టుగా ఎక్స్‌రాండర్‌కు కొత్త మోడ్‌గా (తెర పరిమాణంగా) ఇచ్చి, హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌కు జోడించి, చివరగా ఆ మోడ్‌ను ఎంచుకోవాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒప్పుకుంటే తెర వెంటనే పెద్దదవుతుంది. అయితే రీస్టార్ట్ చేయగానే ఇదంతా చెరిగిపోతుంది కాబట్టి, ఈ మూడు కమాండ్లను లాగిన్ సమయంలో నడిచే ఎక్స్‌ప్రొఫైల్ ఫైల్‌లో రాసుకోవాలి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. దూరం నుంచి తెర పరిమాణం మార్చే ముందు ఎస్ఎస్‌హెచ్ (తెర లేకుండా కమాండ్లతోనే దూరపు కంప్యూటర్‌ను నడిపే మార్గం) కనెక్షన్ ఒకటి తెరిచి ఉంచుకోండి. కొత్త మోడ్ కుదరక తెర నల్లబడితే, పాత మోడ్‌కు తిరిగి రావడానికి మీకు మిగిలే దారి అదొక్కటే.

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్ నుంచి మా కాలేజీ సర్వర్‌కు ఎక్స్‌ఆర్‌డీపీ ద్వారా వెళ్తాను. ల్యాప్‌టాప్ తెర 1366×768. హాస్టల్‌లో దానికి 1920×1080 మానిటర్ తగిలించి మళ్లీ కనెక్ట్ అయితే డెస్క్‌టాప్ పాత పరిమాణంలోనే మధ్యలో ఇరుక్కుని వస్తోంది.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీది రెండో రకం తెర. దీనికి మానిటర్‌తో సంబంధం లేదు, కనెక్ట్ అయ్యే క్షణంలో మీ ల్యాప్‌టాప్ చెప్పిన పరిమాణంతోనే సర్వర్ దాన్ని తయారు చేస్తుంది. మీరు విండోను మూసేసినప్పుడు ఆ సెషన్ ముగియదు, సర్వర్‌లో అలాగే నిలిచి ఉంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు మీకు అందేది ఆ పాత సెషనే. ఈసారి పని ముగిశాక మెనూలో లాగౌట్ నొక్కి బయటికి రండి. తర్వాత ఎక్స్‌ఆర్‌డీపీ లాగిన్ పెట్టెలోని సెషన్ జాబితాలో ఎక్స్‌వీఎన్‌సీకి బదులు ఎక్స్‌ఆర్గ్‌ను ఎంచుకోండి, ఎందుకంటే అది తిరిగి కనెక్ట్ అయినప్పుడు పరిమాణాన్ని మెరుగ్గా మార్చుకుంటుంది. ఆ పేరు జాబితాలో ఉన్నా ఎంచుకుంటే తెరుచుకోకపోతే, ఎక్స్‌ఆర్గ్‌ఎక్స్‌ఆర్‌డీపీ ప్యాకేజీ ఉందో లేదో చూడమని ల్యాబ్ నిర్వాహకులను అడగండి. విండోస్ వైపు డిస్‌ప్లే ట్యాబ్‌లోని స్లైడర్‌ను ఫుల్ స్క్రీన్ దాకా జరిపిన తర్వాతే కనెక్ట్ నొక్కాలి.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ తెర 2880×1800. రెమ్మినా అనే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌తో మరో లైనక్స్ కంప్యూటర్‌లో తెలుగు పాఠాలు టైప్ చేస్తాను. అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. రెమ్మినాలో స్కేలింగ్ పెడితే పెద్దవవుతున్నాయి కానీ వత్తులు అలికినట్టు కలిసిపోతున్నాయి.
– ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: తెలుగులో రాసేవారందరికీ ఇది నిజమైన ఇబ్బంది. ఇంగ్లీషు అక్షరం కొంచెం మసకబారినా చదవగలం, కానీ ‘రాష్ట్ర’లో ష కింద వేలాడే రెండు వత్తుల మధ్య ఉండేది ఒకటి రెండు పిక్సెళ్ల సందు మాత్రమే. రెమ్మినా స్కేలింగ్ అవతలి నుంచి వచ్చిన బొమ్మను ఇక్కడ సాగదీస్తుంది. ఒకటిన్నర రెట్లు సాగదీసినప్పుడు ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర పిక్సెల్ చోటుకు సర్దుకోవలసి వచ్చి, ఆ సందు పూడిపోతుంది.

అందుకే బొమ్మను సాగదీయకుండా అక్షరాన్నే పెద్దదిగా గీయించాలి. రెమ్మినాలో క్లయింట్ రిజల్యూషన్‌ను ఎంచుకుని స్కేలింగ్ తీసేయండి. అవతలి కంప్యూటర్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉంటే అపియరెన్స్ సెట్టింగుల్లోని ఫాంట్స్ పేజీలో డీపీఐని (అక్షరాల పరిమాణాన్ని నిర్ణయించే అంకెను) 96 నుంచి 192కు పెంచండి. గ్నోమ్ డెస్క్‌టాప్ ఉంటే డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్‌ను 200 శాతానికి పెంచండి. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండి అంత పెద్ద తెర కదలడం కష్టమైతే, రెమ్మినాలో పరిమాణాన్ని సరిగ్గా సగానికి, అంటే 1440×900కు పెట్టి స్కేలింగ్ వాడండి. అప్పుడు ఒక పిక్సెల్ నిలువునా అడ్డంగా రెండేసి పిక్సెళ్లుగా సమానంగా పరుచుకుంటుంది కాబట్టి అక్షరాల అంచులు కాస్త మోటుగా ఉన్నా వత్తులు మాత్రం విడివిడిగానే కనిపిస్తాయి.