జవాబు: గెస్ట్ లెక్చర్‌లో మైక్ కూత, వెనుక వరుసలకు వినపడకపోవడం

తమ్మీ, పోయినసారి మైక్ కూసిందని, వెనుక బెంచీలకు వినపడలేదని, ప్రశ్నలకు టైమ్ మిగల్లేదని రాసినవ్. నువ్వు పంపిన హాల్ ఫోటో చూస్తే సంగతి తెలుస్తుంది: స్పీకర్ బాక్సులు పోడియం వెనుక గోడకు ఉన్నయి. బాక్సుల సౌండ్ మళ్లీ మైక్‌లోకే పోతే కూయక ఏం చేస్తది? రెండు బాక్సులనూ స్టేజీ ముందు అంచుకు, మైక్ కంటే ముందుకు జరపండి. స్టాండ్ మీద ఆరడుగుల ఎత్తున పెడితే ముందు వరుసల తలలు అడ్డురావు.

కాలర్ మైక్ వద్దు. అది ఎక్కువగా అన్ని వైపుల సౌండూ లాగుతుంది, తొందరగా కూస్తుంది. పోడియం మైక్ నోటికి 10-15 సెంటీమీటర్లలో ఉండాలి. దూరం రెట్టింపైతే సౌండ్ 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, కూత మొదలు. మిక్సర్‌లో (మైకుల సౌండ్ సరిచేసే పెట్టె) లో-కట్ బటన్, అంటే అడుగు గుర్రు సౌండ్‌ను కోసేసేది, ఉంటే నొక్కండి. టెస్టింగ్ ఖాళీ హాల్లోనే చేయండి. జనం నిండితే సౌండ్ పీల్చుకుంటారు కాబట్టి ఖాళీగా కూయనిది అదే వాల్యూమ్‌లో తర్వాత కూసే అవకాశం తక్కువ. మోత చేసే కూలర్లు ఉపన్యాసం అయ్యేదాకా బంద్. వైర్‌లెస్ మైక్‌కు కొత్త సెల్లులు వేయండి.

ఇక టైమ్. గంట స్లాట్‌లో ఉపన్యాసం 40 నిమిషాలని వక్తకు ముందే ఫోన్‌లో చెప్పండి. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కు వంద కిలోమీటర్లు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి వేదిక మీద ఎనిమిది మంది మాట్లాడటం ఏం మర్యాదో! శాలువా, మెమెంటో చివరికి. ప్రశ్నలకు రెండో మైక్ పట్టుకుని ఒక వాలంటీర్ తిరగాలి, మైక్ మాత్రం అడిగేవాళ్ల చేతికి ఇవ్వొద్దు.