చూసిన సీరియలే మళ్లీ మళ్లీ చూస్తున్నాను, పర్లేదా అక్కా?

శ్రీకాకుళం జిల్లా సోంపేట నుంచి వెళ్లి కెనడాలోని బ్రాంప్టన్‌లో చదువుకుంటున్న ఒక తమ్ముడి సందేహం ఇది. "వచ్చి మూడు నెలలైంది అక్కా. పార్ట్‌టైం పని ఇంకా దొరకలేదు. అక్కడ నాన్నకి ఒంట్లో బాగుండటం లేదు. రోజూ రాత్రి యూట్యూబ్‌లో 'అమృతం' పెట్టుకుంటున్నాను. అన్నీ నాన్నతో కలిసి చూసిన ఎపిసోడ్లే. రూమ్మేట్లు నవ్వుతున్నారు. నాకేమైనా అవుతోందా?"

ఏమీ అవ్వట్లేదు నాన్నా. సెలవుకి వచ్చి కవిటిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. టొరంటో వెళ్లి పధ్నాలుగేళ్లయింది. ఈ మందు నేనూ వాడాను, అందుకే చెబుతున్నాను.

అమృతం, ఆంజనేయులు (అంజి) అనే ఇద్దరు స్నేహితులు హోటల్ నడుపుతూ తిప్పలు పడే ఆ కామెడీ సీరియల్ జెమినీ టీవీలో 2001లో మొదలై 2007 వరకు వచ్చింది. అప్పుడు మా ఇంట్లో టీవీ లేదు. ఆదివారం రాత్రి పక్కింటి పెద్దమ్మ వాళ్ల వసారాలో చాపలు పరిచేవారు. సరిగ్గా సగంలో కరెంటు పోయేది. సోమవారం నాడు బావి దగ్గర, పూర్తిగా చూసినవాళ్ల కోసం వెతుక్కునేవాళ్లం. "అంజిగాడు ఆకరికి ఏటి సేసినాడే?" అని మా అమ్మ అడిగేది. మిగతా సగం ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు చెప్పేవారు. కొన్ని ఎపిసోడ్లు బావి దగ్గర విన్న కథే బాగుండేదని కెనడా వెళ్లి పూర్తిగా చూశాక తెలిసింది.

2018లో తిత్లీ తుఫాను వచ్చింది కదా, అప్పటికి నువ్వు హైస్కూల్లో ఉండి ఉంటావు, నీకే నాకన్నా బాగా గుర్తుంటుంది. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మాకు టొరంటోలో అప్పటికింకా పదో తారీఖు రాత్రే, వంట చేసుకునే వేళ. "గాలి మొదలైనాది, పొడుకుంతాం" అంది అమ్మ. అంతే, ఆ తర్వాత నాలుగు రోజులు ఏ నంబరూ కలవలేదు. టవర్లు లేవు, కరెంటు లేదు, రోడ్డుకి అడ్డంగా చెట్లు.

మొదటి రెండు రాత్రులూ న్యూస్ ఛానళ్లు చూస్తూనే ఉన్నాను. కూలిపోయిన కొబ్బరితోట ఒకటి, అదే ముక్క, గంటకి పదిసార్లు వేస్తున్నారు. వేసిన ప్రతిసారీ అది మా తోటేమోనని కళ్లు చించుకుని చూడటం. మూడో రాత్రి మా ఆయన న్యూస్ కట్టేసి అమృతం పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇదా నవ్వుకునే సమయమని. కానీ రిమోట్ లాక్కునే ఓపిక లేక అలాగే కూర్చున్నాను.

అమృతానికి బ్రహ్మాండమైన ఐడియా వస్తుంది. ఆంజనేయులు తలూపుతాడు. ఎక్కడ బోల్తా పడతారో నాకు ముందే తెలుసు. అద్దె కోసం అప్పాజీ ఎప్పుడు వస్తాడో కూడా తెలుసు. ఆ వారం మొత్తంలో తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలిసింది ఆ ఒక్క హోటల్లోనే. మూడో ఎపిసోడ్ మధ్యలో నిద్ర పట్టేసింది. ఆంజనేయులు వేషం వేసిన గుండు హనుమంతరావు గారు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పోయారు. ఆ సంగతి తెలిసీ ఆయన్ని చూస్తూ ఎలా నవ్వగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నాలుగో రోజు మా చిన్నాన్న కొడుకు బండి మీద సిగ్నల్ దొరికేదాకా వెళ్లి ఫోన్ చేశాడు, అమ్మ చెప్పమన్న మాట చెప్పాడు. "మనుసులం బాగున్నాం, సెట్లే పోనాయి."

అందుకే చెబుతున్నాను, కష్టకాలంలో కొత్త సిరీస్‌లు మొదలుపెట్టకు. రేపు ఏమవుతుందోనన్న టెన్షన్ మనకి చాలినంత ఉంది, డబ్బు కట్టి మరీ ఇంకొకటి కొనుక్కోవాలా? 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఆశగా చూశాను. మామూలు రోజుల్లో సరదాగానే ఉంది గానీ మనసు బాగోనప్పుడు నా చెయ్యి పాతదాని వైపే పోతుంది.

నీ విషయంలో నాకు భయమున్నది సీరియల్ గురించి కాదు, గడియారం గురించి. కొత్తగా వెళ్లినవాళ్లు ఒళ్లు అక్కడ, టైము ఇక్కడ అన్నట్టు బతుకుతారు. ఇంట్లోవాళ్లు మేలుకుని ఉన్నారు కదా అని తెల్లవార్లూ కూర్చుని, పొద్దున్న క్లాసులో తూగుతారు. నేను మొదటి ఏడాది చేసింది అదే, ఒక సబ్జెక్టు పోయింది కూడా. రాత్రి అన్నం తింటూ చూడు. కంచం కడిగాక ఇంకొక్కటి, అంతే. పక్క మీదకి ఫోన్ తీసుకెళ్లకు, ఒకటి అవ్వగానే రెండోది దానంతటదే మొదలవుతుంది, మనం ఆపలేం.

మీ నాన్నని కూడా ఇందులోకి లాగు. మన వైపు మగవాళ్ల సంగతి తెలిసిందే. ఎలా ఉంది అంటే "బాగానే ఉంది" అని ఫోన్ అమ్మకి ఇచ్చేస్తారు. అదే, "నాన్నా, హోటల్లో సర్వర్ సర్వం దొరికిపోయే సీను ఏ ఎపిసోడ్‌లోది?" అని అడిగి చూడు, పావుగంట మాట్లాడతారు. ఆ పావుగంటలో ఎన్నిసార్లు దగ్గారో, మెట్లెక్కి వస్తే ఆయాసమొస్తోందో లేదో నీకే తెలిసిపోతుంది. ఇప్పుడు నీకు రాత్రి పది అంటే సోంపేటలో పొద్దున్న ఏడున్నర, టీ తాగే వేళ. ఇద్దరూ ఒకే ఎపిసోడ్ ఒకేసారి మొదలుపెట్టండి. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పుడు ఇంకో గంట తేడా పెరుగుతుంది, గుర్తుపెట్టుకో.

రూమ్మేట్లని నవ్వుకోనీ. ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకో, వాళ్ల నిద్ర పాడుచేస్తే నవ్వు కోపమవుతుంది. బేస్‌మెంట్‌లో నాతో ఉన్న పంజాబీ అమ్మాయికి ఒక్క తెలుగు ముక్క రాదు, అయినా ఆంజనేయులు మొహం చూసి నాకన్నా ముందు నవ్వేది.

అయితే ఒకటి. ఎప్పుడూ నవ్వొచ్చే సీను వచ్చినా నవ్వు రాకపోతే, క్లాసులు ఎగ్గొట్టి పగలు కూడా అదే చూస్తుంటే, స్నానం, తిండి బరువనిపిస్తే, అది ఇక సీరియల్‌తో తీరేది కాదు. కాలేజీలో కౌన్సిలర్ ఉంటారు, నువ్వు కట్టిన ఫీజులో ఆ ఖర్చు సాధారణంగా కలిసే ఉంటుంది. వెళ్తే వీసాకి దెబ్బని మనవాళ్లలో ఎవరో పుకారు పుట్టించారు, పట్టించుకోకు. బతకాలని లేదన్నంత దాకా వస్తే 988కి ఫోన్ చెయ్యి, లేదా మెసేజ్ పెట్టు. 2023 నవంబరు నుంచి కెనడా అంతటా రాత్రీ పగలూ పనిచేస్తోంది. ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే. మన యాస ఇంగ్లీషు వాళ్లకి బాగానే అర్థమవుతుంది.

అక్టోబరు దగ్గరకొస్తోంది, తుఫానుల రోజులు. విశాఖలో మీ చుట్టాలెవరిదైనా ఒక నంబరు ఇప్పుడే రాసిపెట్టుకో. సోంపేట ఫోన్లు మూగబోతే ఇంట్లోవాళ్లూ నువ్వూ ఇద్దరూ ఆ ఒక్క మనిషికే కబురు పెట్టాలని ముందే అనుకోండి. ఇంట్లో పవర్ బ్యాంక్ ఒకటి కొని పెట్టమను. తిత్లీ తర్వాత మా నాన్న వేసిన కొబ్బరి మొక్కలు ఈ ఏడే కాపుకొచ్చాయి. ఆయన పొద్దున్నుంచి వాటి కిందే తిరుగుతున్నారు, ఫోన్ మాత్రం జేబులో పెట్టుకోవడం లేదు.