పనసచెక్క గిటారుకి ఒట్టి జిగురు చాలునా?

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ చదువుతున్నాను. 2018లో తిత్లీ తుపానుకి మా పెరట్లో పనసచెట్టు పడిపోతే నాన్న దాన్ని పలకలు కోయించి అటక మీద పెట్టారు. ఇప్పుడు ఆ చెక్కతో గిటారు చేస్తున్నాను. చేత్తో పట్టుకునే పొడుగు భాగం, అంటే నెక్, ఒక ముక్క; తీగలు బిగించే ట్యూనర్లుండే తల ఇంకో ముక్క. రెంటినీ ఏటవాలుగా కోసి ఫెవికాల్‌తో అతకాలని ప్లానులో ఉంది. మా మావయ్య వడ్రంగి. "ఇనుప తీగలు రాత్రీ పగలూ లాగుతుంటే ఒట్టి జిగురు ఏటాగుద్దిరా, రెండు స్క్రూలైనా వెయ్యి" అంటున్నారు. బొబ్బిలి వీణలా ఒకే చెక్కలో చెక్కేస్తే ఈ గోల ఉండదు కదా అని నాకూ అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: బాబూ, స్క్రూ మాత్రం వెయ్యకు. మావయ్యగారి అనుమానం తప్పు కాదు, తలుపులు బిగించే చెయ్యి అలాగే ఆలోచిస్తుంది. కానీ నట్ దగ్గర, అంటే నెక్ మీంచి తీగలు తలలోకి దిగేచోట ఉండే చిన్న పట్టీ దగ్గర, నెక్ మందం రెండు సెంటీమీటర్లే. అందులో నెక్ వంగకుండా లోపల పెట్టే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీకి గాడి తీశాక మిగిలేది ఇంకా తక్కువ. ఆ కాస్త చెక్కలో స్క్రూకి కన్నం పెడితే చీలడానికి మనమే దారి చూపించినట్టు.

ఇక ఒకే చెక్క సంగతి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసదుంగలోంచి వీణ చెక్కుతుంటే గంటలకొద్దీ కూర్చుని చూసినవాణ్ణి. అక్కడ తీగలు బిగించే బిరడలుండే చోటు దండి, అంటే వీణ మెడ, వరసలోనే సాగుతుంది కాబట్టి చెక్క నార తెగదు. కొసన యాళి అనే సింహంలాంటి బొమ్మ ముఖం వంగుతుంది గానీ దాని మీద తీగల లాగుడు లేదు. నీ గిటారు తల అలా కాదు, పదిహేను డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఒకే పలకలో కోస్తే నార తిన్నగా పోతుంది, తల మాత్రం కిందికి దిగుతుంది. అంటే సరిగ్గా నట్ వెనక నార పొట్టి ముక్కలైపోతుంది. కింద పడితే బిస్కెట్‌లా విరిగేది అక్కడే. గిబ్సన్ అనే అమెరికా కంపెనీ గిటార్లలో చాలావాటికి తల ఒకే చెక్కలో 17 డిగ్రీల వాలుతో ఉండేది, విరిగితే నట్ వెనకే విరిగేవి. 1960ల నడుమ ఆ వాలుని 14కి తగ్గించారు. నా బల్ల మీదికి విరిగి వచ్చే గిటార్లలో ఎక్కువ భాగం దెబ్బ ఆ చోటే. అదే తలని విడిగా అతికితే నెక్‌లో నార నెక్ వెంట, తలలో నార తల వెంట పోతుంది. కాబట్టి అతుకు పెట్టడం కక్కుర్తి పని అనుకోకు, బలం కోసమే పెడతారు.

లెక్క కూడా చూద్దాం. రెండు సెంటీమీటర్ల మందాన్ని పదిహేను డిగ్రీలకి కోస్తే కోత ముఖం ఏడున్నర సెంటీమీటర్లు దాటుతుంది. వెడల్పు ఆరనుకో. జిగురు పట్టే చోటు నలభై ఐదు చదరపు సెంటీమీటర్లు. బాగా అతికిన చెక్కని జార్చాలంటే చదరపు సెంటీమీటరుకి వంద కిలోల ప్రాంతంలో బలం కావాలి. ఆరు ఇనుప తీగలూ కలిసి లాగేది డెబ్భై కిలోల చిల్లర. పైన వేళ్ళతో తీగలు నొక్కే పలక, ఫింగర్‌బోర్డు, కూడా కూర్చుని ఆ అతుకుని పట్టుకుంటుంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల మా విజయనగరంలోనే ఉంది. అక్కడ పిల్లలు చంకన పెట్టుకెళ్ళే ప్రతి వయొలిన్‌కీ నెక్ పెట్టెకి జిగురుతోనే అంటుకుని ఉంటుంది. వాళ్ళెవరూ స్క్రూ అడగరు.

అయితే ఆ వంద కిలోలు "బాగా అతికితే" వచ్చేవి. నేను టేకుతో చేసిన మొదటి మాండలిన్‌కి సిరిమానోత్సవం ముందు రెండు ముక్కలూ చక్కగా చిత్రిక పట్టి పెట్టాను. చుట్టాలొచ్చారు, పండగైపోయింది. పది రోజుల తర్వాత ఆ ముఖాలకే జిగురు రాసి బిగించేశాను. ఏప్రిల్‌లో ఒక రాత్రి గోడ మీంచి టక్ మని చప్పుడు. లేచి చూస్తే తల వేలాడుతోంది. విడిపోయిన ముఖాలు అద్దంలా నున్నగా ఉన్నాయి, ఒక్క పీచు కూడా ఊడలేదు. పది రోజుల్లో టేకు నూనె పైకి తేలింది, దానికి వచ్చినవాళ్ళ చేతి జిడ్డు తోడైంది. జిగురు చెక్కని ముట్టుకోనే లేదు. నీది పనస కాబట్టి అంత నూనె ఉండదు గానీ పద్ధతి ఒకటే: చిత్రిక పట్టిన రోజే అతకాలి.

కోసిన రెండు ముక్కల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండు వాలులూ ఒకే చదునులోకి వచ్చేలా బిగించి, ఒకేసారి చిత్రిక పట్టు. స్కేలు ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే కింద వెలుతురు కనిపించకూడదు. సందు ఉంటే క్లాంపు బిగించి మూసేద్దాం అనుకోవద్దు, క్లాంపు తీశాక చెక్క మళ్ళీ తెరుచుకోవాలనే చూస్తుంది. జిగురు రెండు వైపులా పల్చగా రాయి. బిగించగానే ముక్కలు సబ్బు మీద కాలేసినట్టు జారతాయి. అందుకని పనికిరాని అంచులో ముందే రెండు సన్నమేకులు దించి పెట్టుకో, తర్వాత ఆ అంచు ఎలాగూ కోసేస్తావు. అంచు పొడవునా ఆవగింజల్లా జిగురు చుక్కలు తేలితే చాలు. ఒళ్ళంతా బలం పెట్టి బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకులో ఏమీ మిగలదు. రాత్రంతా క్లాంపులోనే ఉంచు. జిగురులోని తడికి చెక్క ఉబ్బుతుంది కాబట్టి మూడు నాలుగు రోజులాగి గానీ పైన నునుపు చెయ్యకు. తొందరపడితే తర్వాత అతుకు గీత లోపలికి దిగుతుంది.

అటక మీది చెక్క ఆరిందో లేదో కిరాణా కాటా మీద తెలుస్తుంది. వారానికోసారి తూచు, బరువు మారడం ఆగిందంటే ఆరినట్టే. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం అతకొద్దు.

జిగురు మామూలు ఫెవికాల్ ఎస్‌హెచ్ చాలు, డబ్బా మీద తేదీ చూసుకో.

ఇంత చెప్పినా నా మాట నమ్మక్కర్లేదు. అదే పలకలో మిగిలిన ముక్కలతో ఇంకో అతుకు కట్టు. రెండు రోజులయ్యాక బల్లకి ఉండే ఇనుప పట్టు, వైసులో బిగించి, మావయ్యగారి చేతికే సుత్తి ఇవ్వు. విరిగిన చోట ఒక ముక్క పీచు రెండోదానికి గడ్డంలా అంటుకుని వస్తే జిగురు కంటే ముందు చెక్కే ఓడిపోయిందన్నమాట. నున్నగా విడిపోతే అసలు నెక్ జోలికి పోకు, ఎక్కడ తప్పిందో చూసి మళ్ళీ ముక్క కట్టు.

ప్రశ్న: మా అమ్మాయి గిటారు తల విరిగితే ఒక దుకాణంలో తెల్లజిగురుతో అతికించారు. మేలో కారులో వదిలేశాం, అతుకు నోరు తెరిచింది. మళ్ళీ అదే జిగురు పోసి నొక్కేయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దమ్మా. తెల్లజిగురు వేడికి మెత్తబడుతుంది. ఎండలో మూసిన కారు లోపల అరవై డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, తీగలు లాగుతూనే ఉంటాయి. ఎండిన తెల్లజిగురు మీద కొత్త జిగురు పట్టదు. తీగలు వదులు చేసి, గోరువెచ్చని వెనిగర్‌లో ముంచిన పళ్ళ బ్రష్‌తో పాతదంతా మెత్తబరిచి తీయాలి. తర్వాత తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాకే అతకాలి. విరిగిన పీచుల్ని గీకకండి, ఉప్పుకాగితం అసలు పెట్టకండి. అవి ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే అతుకు పడుతుంది. పీచు రాలిపోయి మధ్యలో ఖాళీ కనిపిస్తోందా? అయితే మీరు చెయ్యి పెట్టకుండా, రాలిన ముక్కలు కూడా కాగితంలో పొట్లం కట్టి రిపేరు చేసేవాళ్ళకి ఇవ్వండి.