బ్రేక్ తొక్కితే పార్కింగ్ లైట్లు వెలిగే పాత జీపుకి వైరింగ్ మొత్తం మార్చాలా?

మార్చొద్దు. మీరు రాసినదాన్ని బట్టి మీది పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టిన పాత హై హుడ్ (బానెట్ ఎత్తుగా ఉండే) జీపు. ఈ మధ్యే టింకరింగ్, పెయింటింగ్ చేయించారు. అప్పట్నుంచి బ్రేక్ తొక్కితే ముందు పార్కింగ్ లైట్లు మసగ్గా వెలుగుతున్నాయి, పెడల్ ఒక్కోసారి మెత్తగా కిందికి పోతోంది, ఎలక్ట్రీషియన్ వైరింగ్ అంతా పీకేయాలంటున్నాడు. మా నాన్నగారి జీపు కూడా అచ్చం ఇలాంటిదే. పద్దెనిమిదేళ్లుగా నేనే నడుపుతున్నాను, నేనే విప్పుతున్నాను. లైట్ల జబ్బు వైర్లలో లేదు, ఎర్త్‌లో ఉంది, అంటే కరెంటు బాడీ ఇనుము ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో.

వెనక లైటులో బల్బు ఒక్కటే గానీ దాంట్లో ఫిలమెంట్లు రెండు. 5 వాట్లది పార్కింగ్‌కి, 21 వాట్లది బ్రేక్‌కి. రెండింటికీ ఎర్త్ ఒక్కటే, అది లైటు డొప్ప నుంచి బోల్టు ద్వారా బాడీకి వెళ్లాలి. పెయింటర్ పుట్టీ పెట్టి, మూడు కోటింగులు కొట్టి, దాని మీదే లైటు బిగించేశాడు. ఇక ఎర్త్ ఎక్కడ తగులుతుంది? బ్రేక్ ఫిలమెంట్‌లోకి వచ్చిన కరెంటు బయటికి దారి లేక పార్కింగ్ ఫిలమెంట్‌లోంచి వెనక్కి తిరిగి, ఆ వైరు పట్టుకుని ముందు లైట్ల దాకా పోయి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. మీకు కనిపించే ఆ మసక వెలుగు అదే.

నమ్మకం లేకపోతే మూరెడు కాదు, బండి పొడవంత వైరు తీసుకోండి. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి చుట్టండి, రెండో కొస లైటు డొప్పకి ఆనించండి. ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. వెనక లైటు ఎర్రగా భగ్గుమని, ముందువి ఆరిపోతే మీ పని అయిపోయినట్టే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, కాస్త గ్రీజు రాసి బిగించండి. ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

ఇంజన్ మార్చిన జీపుల్లో ఇంకొకటి తప్పకుండా చూడాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, కాబట్టి ఇంజన్ నుంచి ఛాసిస్‌కి విడిగా ఒక లావుపాటి ఎర్త్ పట్టీ ఉండాలి. డీజిల్ ఇంజన్ ఎక్కించేటప్పుడు చాలామంది దాన్ని తిరిగి బిగించరు. మా జీపుకి కూడా బిగించలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు చచ్చిపోయేవి. ఒకరోజు బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టించి యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. సెల్ఫ్ మోటార్ కరెంటంతా ఆ సన్నటి కేబుల్‌లోంచి పోతోందన్నమాట! అప్పటికి రెండు బ్యాటరీలు కొనిపించాడు మా ఎలక్ట్రీషియన్.

ఇప్పుడు బ్రేకుల సంగతి. నాకు లైట్ల కంటే దీని గురించే భయం. ఎందుకో చెప్తాను.

ఒక వానాకాలం సాయంత్రం పాడేరు నుంచి ఘాట్ దిగుతున్నాం. జీపులో ఆరుగురం. వెనకాల ఒక లారీ, మలుపు మలుపుకీ హారన్ కొడుతూనే ఉంది. దారి ఇచ్చినా పోవట్లేదు. అమ్మవారి పాదాల దగ్గర దండం పెట్టుకోవడానికి ఆపితే ఆ లారీ కూడా ఆగింది. పెద్దాయన ఒకరు దిగొచ్చి, "బాబూ, నీ బ్రేకు లైటు మొదటిపాలి తొక్కితే ఎలగట్నేదు, రెండోపాలికి ఎలుగుతోంది. పాడయింది లైటు కాదు, నీ బ్రేకు. సూసుకో" అన్నారు.

ఆ మాట ఎంత నిజమో విన్న వెంటనే తెలిసింది. ఈ పాత జీపుల్లో బ్రేక్ లైటు స్విచ్ పెడల్ దగ్గర ఉండదు. బ్రేక్ ఆయిల్ లైన్లోనే ఉంటుంది, ఆయిల్ ప్రెషర్‌కి ఆన్ అవుతుంది. ప్రెషర్ రాకపోతే లైటు రాదు. నేను రెండుసార్లు తొక్కడం అలవాటు చేసుకుని, పాత బండి అంటే ఇంతే అనుకుంటూ తిరుగుతున్నాను. పెద్దాయన వెనక ఎడమ చక్రం దగ్గర కూర్చుని టైరు లోపలి వైపు వేలితో తుడిచి, వాసన చూసి, నాకూ చూపించారు. గేర్ ఆయిల్ అయితే ఘాటు వాసన వస్తుంది. ఇది రాలేదు. బ్రేక్ ఆయిలే. కాళ్ల కింద ఫ్లోర్‌లో మూత తీసి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) చూస్తే ఆయిల్ అడుగున గ్లాసులో మిగిలిన టీలా ఉంది. చక్రాలకి రాళ్లు పెట్టి, జీపు అక్కడే వదిలి అందరం బస్సెక్కాం. మర్నాడు రబ్బరు కప్పుల కిట్టు పట్టుకుని, మెకానిక్‌ని తీసుకుని మళ్లీ వెళ్లాను. చక్రం దగ్గర బ్రేక్ షూలని డ్రమ్ముకి నెట్టే వీల్ సిలిండర్‌లో రబ్బర్ కప్పులు ఉబ్బిపోయి, అంచులు చినిగిపోయి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో బ్రేక్ ఆయిల్ బదులు మామూలు ఆయిల్ పోసేశారు. అలా పోస్తే ఒక్క చక్రం బాగుచేస్తే సరిపోదు. లైన్లన్నీ కడిగి, ఉన్న రబ్బరంతా, గొట్టాలతో సహా మార్చాల్సిందే. నేను అన్నీ మార్పించాను. ఆయిల్‌లో తడిసిన లైనర్లు (షూల మీద డ్రమ్ముకి రాసుకునే పట్టీలు) కూడా పారేశాను. పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేద్దామంటే ఒప్పుకోవద్దు.

మీ పెడల్ ఏం చెప్తోందో ఇలా కనుక్కోండి. బండి ఆపి గబగబా రెండు మూడుసార్లు తొక్కండి. పెడల్ పైకి వచ్చి గట్టిపడితే, మాస్టర్‌లో ఆయిల్ కూడా తగ్గకపోతే, బ్రేక్ షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నాయి, అడ్జస్ట్ చేయిస్తే చాలు. స్పాంజిలా ఉంటే లైన్లో గాలి ఉంది, మాస్టర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయించండి. అదిమి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతూ ఉంటే, ఎక్కడా కారకపోయినా, మాస్టర్ సిలిండర్ లోపల కప్పులు పోయినట్టు. ఫ్లోర్‌లో మూత తీసే ముందు చుట్టూ ఉన్న మట్టి గుడ్డతో తుడవండి. ఆ ఇసుక రేణువు ఒక్కటి లోపల పడితే సిలిండర్ గీసుకుపోతుంది.

ఈ రోజుల్లో జీపు కొన్న కుర్రాళ్లని చూస్తే బాధేస్తుంది. బంపర్ మీద ఆరు ఎల్‌ఈడీ లైట్లు, ఎదుటివాడి కళ్లు పోయేలా. హెడ్‌లైట్లు రెండూ కలిపి 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు, ఆ పాత డిప్పర్ స్విచ్ మీదే పోతుంటే దానికి రిలే (ఎక్కువ కరెంటుని స్విచ్ మీద పడనివ్వకుండా తానే మోసే విడి స్విచ్) పెట్టించాలని ఒక్కడికీ తట్టదు. రంగుకి లక్ష పెడతారు, వీల్ సిలిండర్ కిట్టుకి బేరమాడతారు. ఈ బండికి నాలుగు చక్రాలకీ కలిపి ఒక్కటే బ్రేక్ లైను. ఒక్క చోట ఆయిల్ పోతే నాలుగూ పోతాయి.

కాబట్టి వైరింగ్ పీకించకండి. పాత వైర్ల మీద బట్ట చుట్టు పెళుసుబారి ఊడిపోతుంటే ఆ ముక్క వరకు మార్పించండి చాలు. మొదట బ్రేక్ లైటు స్విచ్ మీద ఉన్న రెండు వైర్లూ పీకి కలపండి. వెంటనే లైటు వెలిగితే వైరింగ్ బాగున్నట్టే, ఇక స్విచ్చో ప్రెషరో చూసుకోవాలి. నాలుగు డ్రమ్ములూ విప్పించేదాకా మాత్రం పిల్లల్ని ఎక్కించుకుని ఎక్కడికీ వెళ్లకండి. విప్పినప్పుడు వీల్ సిలిండర్ మీద రబ్బరు టోపీ కొద్దిగా ఎత్తి చూడండి, లోపల తడి ఉందో లేదో ఇక్కడ రాస్తే మిగతాది చెప్తాను.