గజల్ పాడబోతున్న మా మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ స్నేహితురాలు నీకు గజళ్లు వినిపించి అర్థాలు చెబుతోందనీ, వచ్చే నెల వాళ్లింటి మెహ్‌ఫిల్‌లో నువ్వొకటి పాడబోతున్నావనీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి దిగులూ మొదలైంది.

బేగం అఖ్తర్‌ను, మెహదీ హసన్‌ను, మన హైదరాబాదు విఠల్ రావు గారిని విను. గజల్‌లోని రెండు పాదాల పద్యాన్ని షేరు అంటారు; షేరు చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట రదీఫ్ అనీ, దానికి ముందుండే ప్రాస కాఫియా అనీ ఆ అమ్మాయి ఈపాటికి చెప్పే ఉంటుంది. నా భయమంతా నువ్వు గజళ్లను తెలుగు లిపిలో రాసుకుంటున్నావన్న మాట గురించే.

నేనూ అలాగే రాసుకున్నాను. 1974లో పాతబస్తీలోని మిత్రుడి ఇంట్లో ప్రతి గురువారం పాడుకునేవాళ్లం. జిందగీ, నజర్ వంటి మాటల్లో 'జ'ను మనలా పలకకూడదనీ, 'స' పలికే చోటనే గొంతు కలిపి పలకాలనీ మిత్రుడు ఒకరోజు దిద్దాడు. జాన్, జిగర్ వంటి మాటల్లో మన 'జ'యే ఉంటుందని అతడు చెప్పేదాకా ఆగే ఓపిక నాకు లేకపోయింది. నా పుస్తకంలో అన్నీ ఒకే 'జ' కనుక, అన్నిటినీ ఆ కొత్త తీరుగానే సాధన చేశాను. ఆ వారం పాడింది జలీల్ మానిక్‌పురీ గజల్. 1905లో ఉర్దూ కవి దాగ్ దెహ్లవీ మరణించాక ఆరో నిజాముకూ, తర్వాత ఏడో నిజాముకూ కవితాగురువుగా ఉన్న మహాకవి ఆయన. చివరి షేరైన మక్తాలో కవి పేరు వస్తుంది కదా. జలీల్ అంటే మహనీయుడు. కళ్లు మూసుకుని, గొంతెత్తి, నా కొత్త విద్యంతా చూపిస్తూ ఆ పేరు పలికాను. అలా పలికితే దానికి నీచుడని అర్థం.

ఎవరూ నవ్వలేదు. మిత్రుడి తండ్రిగారు మనుమడి పలక తెప్పించి, మన 'జ'కు జీమ్ అనే అక్షరం రాసి, దాని పక్కన ఆ రెండో ధ్వనికి జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు రాశారు. "బేటా, ముందు ఇవి నేర్చుకో. రేపు రా" అన్నారు. మొహం చెల్లక నేను వెళ్లలేదు. నాలుగు నెలలు ఆ వీధి వైపే పోలేదు. ఆ నాలుగు నెలల్లోనే ఆయన కన్నుమూశారు. తల్లీ, నా తప్పు మక్తాలో జరిగినది కాదు, ఆ మర్నాడు జరిగినది.

అందుకని, ఆ అమ్మాయి దిద్దుతుంటే మాట మధ్యలో లేవకు, ప్రతి మాటా అడుగు, విసుక్కున్నా అడుగు. మెహ్‌ఫిల్‌లో పొరపాటు జరిగితే, తెల్లవారగానే వాళ్లింటికి వెళ్లి కూర్చో. ఈ ఉత్తరంతో నా ఉర్దూ కాయిదా, అంటే అక్షరాలు నేర్పే వాచకం, పంపుతున్నాను. నువ్వు పాడే రోజు ముందే చెబితే, బస్సెక్కి వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను.

మీ మామయ్య