2016లో కొనాక్ట్ రగ్బీ జట్టు గెలుపు ఐర్లండ్‌లో ఎందుకంత పెద్ద విషయం?

ఐర్లండ్ నాలుగు రగ్బీ ప్రావిన్సుల్లో కొనాక్ట్‌ది చాలాకాలం ఆఖరి చోటే. 2003లో ఖర్చు తగ్గించుకోవడానికి ఈ జట్టునే ఎత్తేయాలని దేశ రగ్బీ బోర్డు ఆలోచిస్తే, అభిమానులు డబ్లిన్‌లో ఊరేగింపు తీసి అడ్డుపడ్డారు. ఆ ఏడాదే జట్టులోకి వచ్చిన జాన్ ముల్డూన్ రిటైరయ్యేదాకా వేరే క్లబ్బుకు పోలేదు. నాకైతే ఈ కథకు గుండెకాయ అతనే.

గాల్వేలో వాళ్ల మైదానం చుట్టూ కుక్కల పందేల ట్రాక్ ఉండేది. 2016లో ప్రో12 (ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ జట్ల లీగ్) సెమీఫైనల్లో స్కాట్లండ్ జట్టు గ్లాస్గోను 16-11తో ఓడించింది అక్కడే. కోచ్ పాట్ లామ్ ఆటే వేరు: తాము కాపాడుకోవాల్సిన గోల్ గీత దగ్గరున్నా బంతిని తన్ని వదిలించుకోకుండా, పాస్‌లు ఇచ్చుకుంటూ ముందుకు రావాలి. మే 28న ఎడిన్‌బరో ఫైనల్లో మరో ఐర్లండ్ ప్రావిన్సు లెన్‌స్టర్‌పై 20-10తో నెగ్గారు. 1885లో పుట్టిన కొనాక్ట్‌కు అదే మొదటి పెద్ద ట్రోఫీ. అందుకున్న కెప్టెన్ ముల్డూనే.