సమాధానం: అట్లాంటిక్ మీద విమానం మాయమైందా?

మీ అమ్మగారు ఎక్కిన లండన్–న్యూయార్క్ విమానం సముద్రం మధ్యలో విమానాల జాడ చూపే యాప్‌లో కనిపించడం లేదని రాశారు. టెన్షన్ పడకండి. ఆ యాప్‌లు ఎక్కువగా విమానాల సిగ్నళ్లను అందుకునే నేల మీది రిసీవర్ల మీదే ఆధారపడతాయి, నడి సముద్రంలో అవి ఉండవు. రాడార్ కూడా అంత దూరం అందదు.

నేల మీద నుంచి విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్లకు మాత్రం విమానం ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది. విమానంలోని ఏడీఎస్-సీ వ్యవస్థ ఉపగ్రహం ద్వారా తన స్థానాన్ని దానంతట అదే పంపుతుంది. అది పనిచేయకపోతే పైలట్ చాలా దూరం వినిపించే హెచ్ఎఫ్ రేడియోలో చెబుతారు: దారిలో ముందే నిర్ణయించిన ఏ పాయింట్ ఎన్నింటికి దాటాం, ఎంత ఎత్తులో ఉన్నాం, తర్వాతి పాయింట్ ఎన్నింటికి చేరతాం, దాని తర్వాత ఏది. ఈ ముందస్తు అంచనా చాలా ముఖ్యం. అనుకున్న సమయానికి రిపోర్ట్ రాకపోతే కంట్రోలర్లే వెతికి పిలుస్తారు. 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర తూర్పు అట్లాంటిక్‌ను చూసే షాన్విక్ కంట్రోల్ కేంద్రం బాధ్యత ముగిసి కెనడాలోని గాండర్ కేంద్రానిది మొదలవుతుంది. కెనడా తీరం దగ్గరపడగానే మీ యాప్‌లోనూ మళ్లీ కనిపిస్తుంది.